మేనత్త గుర్తురాదు: చిన్న వయసు రొమ్ము క్యాన్సర్‌లో జన్యువులూ కాన్పులూ

వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరకు వెళితే ముందు జరిగేది రక్తం తీయడం కాదు, వంశవృక్షం బొమ్మ గీయడం. ఆడవాళ్లకు గుండ్రం, మగవాళ్లకు చతురస్రం. జబ్బు పడ్డవాళ్ల గుర్తును నలుపుతో నింపుతారు, పోయినవాళ్ల గుర్తు మీదుగా ఏటవాలుగా గీత కొడతారు. ఎదురుగా ఒక 34 ఏళ్ల మనిషి కూర్చుందనుకుందాం. రొమ్ములో గడ్డ క్యాన్సరేనని నెల కిందటే తేలింది. "మీ వాళ్లలో ఇంకెవరికైనా వచ్చిందా అండీ?" అని అడగ్గానే ఆమె అమ్మతో మొదలుపెడుతుంది. అమ్మకు లేదు. అమ్మమ్మకు లేదు. పెద్దమ్మ, పిన్ని బాగానే ఉన్నారు. కాగితంలో రెండో సగం ఇంకా ఖాళీగానే ఉంది. "మరి నాన్నగారి వైపు?" అంటే, "అటెవరికీ లేదండీ. మా మేనత్త ఒకామె నేను చిన్నప్పుడే పోయింది. కడుపులో గడ్డ అన్నారు."

కౌన్సెలర్ పెన్ను అక్కడ ఆగుతుంది. పాతకాలంలో 'కడుపులో గడ్డ' అని వదిలేసిన వాటిలో అండాశయ క్యాన్సర్లూ ఉండేవి. రొమ్ముకీ అండాశయానికీ కలిపి ముప్పు తెచ్చే జన్యులోపాలు ఉన్నాయి.

రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మ వైపు నుంచే వస్తుందన్న లెక్క మనలో చాలామందికి తెలియకుండానే పాతుకుపోయింది. జన్యువులకు ఆ పట్టింపు లేదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో దేనిదైనా చెడిపోయిన కాపీ (ప్రతి) ఒకటి తండ్రి దగ్గరుంటే, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ అది అందే అవకాశం సగానికి సగం. మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ అరుదు. అందుకే తాతయ్య, నాన్న, ఇద్దరు బాబాయిలు మాత్రమే ఉన్న వైపున ఆ లోపం రెండు తరాలు చప్పుడు లేకుండా నడిచి మనవరాలి దగ్గర బయటపడొచ్చు. 'మా వంశంలో లేదు' అన్న మాటకు ఒక్కోసారి అసలు అర్థం 'మా వంశంలో ఆడపిల్లలు తక్కువ' అని.

చిన్న వయసులో ఈ జబ్బు వచ్చినప్పుడు చుట్టూ రెండు రకాల మాటలు వినపడతాయి. ఒకటి, రక్తంలోనే ఉందట. రెండోది, పిల్లల్ని ఆలస్యంగా కన్నదట, పాలు సరిగా ఇవ్వలేదట. రెండు వేర్వేరు ఖాతాలన్నట్టు, ఏదో ఒకదాంట్లో మనిషిని జమ చేసెయ్యాలన్నట్టు మాట్లాడతారు. నాకు అర్థమైనంతలో అవి రెండూ ఒకే ఖాతా. పైగా అందులో ప్రతి పద్దు పక్కనా తేదీ వేసుకోకపోతే ఆ ఖాతా ఎవరికీ అర్థం కాదు.

వయసు చెప్పిన ఆచూకీ

1866లోనే పాల్ బ్రోకా అనే ఫ్రెంచి సర్జన్ తన భార్య కుటుంబంలో తరతరాలుగా క్యాన్సర్‌తో పోయినవాళ్ల వివరాలు రాసిపెట్టాడు. అయినా ఆ తర్వాత నూరేళ్లకు పైగా, ఇది నిజంగా జన్యువుల పనేనా, లేక ఒకే ఇంట్లో బతకడం వల్ల వచ్చిందా అన్న వాదన తెగలేదు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం 23 కుటుంబాలను తీసుకుని, ఒక్కో కుటుంబంలో జబ్బు సగటున ఏ వయసులో వచ్చిందో చూసి వరసగా పేర్చింది. చిన్న వయసులోనే వచ్చిన కుటుంబాలన్నీ 17వ క్రోమోజోమ్ మీద ఒకే చోటును చూపించాయి. ముసలితనంలో వచ్చిన కుటుంబాల్లో ఆ ఆచూకీ దొరకలేదు. అన్నిటినీ కలిపి గంపగుత్తగా చూసుంటే ఆ జాడ మసకబారిపోయేదే. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది, అదే బీఆర్‌సీఏ1. మరుసటి ఏడాది 13వ క్రోమోజోమ్ మీది బీఆర్‌సీఏ2 దొరికింది.

డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకే చోట పుటుక్కున తెగినప్పుడు తప్పు లేకుండా అతికించే పనిలో ఈ రెండు జన్యువులూ ఉంటాయి. ప్రతి కణంలో ఒక్కో జన్యువుకి రెండు ప్రతులు, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక ప్రతి పుట్టుకతోనే చెడినా రెండోది పని లాక్కొస్తుంది. ఏదో ఒక కణంలో అది కూడా పోయిన రోజు రిపేరు ఆగిపోతుంది, తప్పులు పేరుకుంటాయి. పుట్టుకతో వచ్చేది జబ్బు కాదు, స్పేరు టైరు లేకపోవడం.

2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, లోపమున్న స్త్రీలకు 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1తో 72 శాతం, బీఆర్‌సీఏ2తో 69 శాతం. పత్రికల్లో వచ్చేది ఇంతవరకే. చిన్న వయసువాళ్లకు అక్కరకొచ్చే అంకె అదే పరిశోధనలో ఇంకొకటుంది. 40 ఏళ్లు వచ్చేసరికి ముప్పు బీఆర్‌సీఏ1లో 24 శాతం, బీఆర్‌సీఏ2లో 13 శాతం. చివరికి చేరేది ఇంచుమించు ఒకే చోటికి, దారులు మాత్రం వేరు. బీఆర్‌సీఏ1 ముప్పు 30ల్లోనే నిటారుగా లేస్తుంది. రెండోది పదేళ్లు వెనకగా నడుస్తుంది. ముప్పై ఏళ్ల మనిషికి '72 శాతం' అని మాత్రమే చెప్పి పంపడం, రైలు ఎక్కడికి పోతుందో చెప్పి ఎన్నింటికి బయల్దేరుతుందో దాచడం లాంటిది.

వీటి తర్వాత రెండో వరస జన్యువులున్నాయి. పాల్బీ2 ముప్పు బీఆర్‌సీఏ2కి దగ్గర్లోకి వస్తుంది. చెక్2, ఏటీఎం ముప్పును దాదాపు రెట్టింపు చేస్తాయి. టీపీ53 లోపం చాలా అరుదు, కానీ ఇరవైల్లోనే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాన్ని తప్పక వెతుకుతారు.

మూడో వరస పూర్తిగా వేరే తరహాది. 2007 నుంచి లక్షల మంది జన్యువులను జల్లెడ పట్టి, జనంలో మామూలుగా కనిపించే చిన్న చిన్న తేడాలను పోగేస్తూ వచ్చారు. ఒక్కోటి ముప్పును నూటికి ఐదో పదో పెంచుతుంది, అంతే. మొదట్లో దొరికిన వాటిలో బలమైనది ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో ఉన్న మార్పు, అది కూడా ఒక్కో ప్రతికి పెంచేది పావు వంతు. ఇప్పటికి ఇలాంటి చోట్లు 200 దాటాయి. విడివిడిగా చూస్తే ఇవి చీమలు, కలిపితే మాత్రం బరువే. వీటన్నిటినీ కూడి చెప్పే పాలీజెనిక్ స్కోరులో అందరికన్నా పైనున్న ఒక శాతం మందికి, మధ్యలో ఉన్నవాళ్లతో పోలిస్తే ముప్పు మూడు నాలుగు రెట్లు. అంటే చెక్2 లోపాన్ని మించిన ముప్పు, పేరున్న ఏ లోపమూ లేకుండానే.

బ్రిటన్‌లో 40 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,733 మందిని పరీక్షించి, ఆ ఫలితాలను 2018లో ప్రచురించారు. వాళ్లలో బీఆర్‌సీఏ లోపం ఉన్నది 12 శాతం మందికే. అన్ని వయసుల రోగులతో పోలిస్తే ఇది ఎక్కువే. అయినా మిగతా 88 శాతం సంగతేమిటి? చిన్న వయసులో వచ్చిందంటే 'ఆ జీనే' అనుకోవడానికి లేదు. వంశంలో ఎవరికీ లేదు కాబట్టి ఈ గడ్డ క్యాన్సర్ కాదనుకోవడానికి అసలే లేదు.

జన్యు పరీక్ష రిపోర్టులో ఒక్కోసారి 'వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్' అని వస్తుంది. అక్షరం మారింది, ఆ మార్పు చెడ్డదో కాదో ఇంకా తెలియదు అని దానర్థం. అది పాజిటివ్ కాదు. దాన్ని చూసి రొమ్ములు తీయించుకునే నిర్ణయాలు తీసుకోకూడదు. ఇంతవరకు పోగైన సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లది కావడంతో, మిగతా ప్రపంచానికి ఈ గోడ మీద పిల్లి లాంటి జవాబు మరీ ఎక్కువగా వస్తోంది. జన్యుశాస్త్రం తీర్చాల్సిన బాకీ ఇది.

ముగింపు లేని అవయవం

కాన్పుల ఖాతా ఇంకా పాతది. 1700ల ఆరంభంలో ఇటలీ వైద్యుడు బెర్నార్డీనో రమజ్జీనీ, సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందని గమనించాడు. 1926లో ఇంగ్లండులో జానెట్ లేన్ క్లేపన్ అనే వైద్యురాలు జబ్బున్న 500 మందినీ లేని 500 మందినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. పిల్లలు తక్కువున్నవాళ్లకు, పాలివ్వడం తక్కువైనవాళ్లకు జబ్బు ఎక్కువని తేలింది. ఈ తరహా పరిశోధనకు అదే దారి చూపించిందంటారు. 1970లో బ్రయాన్ మెక్‌మాన్ బృందం పలు దేశాల లెక్కలు తీసి, 18 ఏళ్లలోపు మొదటి కాన్పు అయినవాళ్ల ముప్పు, 35 దాటాక అయినవాళ్ల ముప్పులో మూడో వంతేనని చెప్పింది. 2002లో 30 దేశాల నుంచి 47 పరిశోధనలను కలిపి చూస్తే ఒక్కో కాన్పుకు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు మరో 4.3 శాతం ముప్పు తగ్గుతోందని వచ్చింది. అలాగే ఈడేరడం ఒక ఏడాది ముందైతే 5 శాతం పెరుగుతుందని 2012 నాటి మరో ఉమ్మడి విశ్లేషణ.

ఎందుకిలా? రొమ్ము పుట్టుకతో పూర్తయ్యే అవయవం కాదు. గుండె, మూత్రపిండాలు బిడ్డ బయటికొచ్చేసరికే తయారు. రొమ్ము అలా కాదు. మైక్రోస్కోపు కింద పిల్లలు పుట్టని రొమ్మును చూస్తే సన్నని పాలనాళాల కొసన కొద్దిపాటి మొగ్గలు, చుట్టూ బోలెడంత మెత్తని కణజాలం కనిపిస్తాయి. ఆ మొగ్గల్లోని కణాలు ప్రతి నెలసరి చక్రంలోనూ కాస్త విభజన చెందుతూ, ఎప్పటికీ రాని పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టుంటాయి. గర్భం వచ్చాక అవే మొగ్గలు ద్రాక్షగుత్తుల్లా విచ్చుకుంటాయి. కణాలు పాలు చేసే పనిలో స్థిరపడతాయి, విభజన జోరు తగ్గుతుంది. తప్పు ఎక్కువగా జరిగేది విభజన సమయంలోనే కనుక, ఈడేరిన నాటి నుంచి మొదటి కాన్పు దాకా ఉన్న కాలమే రొమ్ముకు బలహీనమైన కాలం. ఆ కాలం ఎంత సాగితే ముప్పు అంత.

ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ ఈ అంకెలన్నీ ఎవరివి? రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. మొత్తం లెక్క వాళ్ల వైపే మొగ్గుతుంది. ముప్పైల్లో ఉన్న మనిషికి అదే సూత్రం వర్తిస్తుందా?

వర్తించదు. కొన్నేళ్లపాటు తలకిందులవుతుంది కూడా. 2019లో 15 పరిశోధనల సమాచారం కలిపి, 55 ఏళ్లలోపు దాదాపు తొమ్మిది లక్షల మంది స్త్రీలను చూశారు. పిల్లలు లేనివాళ్లతో పోలిస్తే, కాన్పు అయినవాళ్లకు ముప్పు పెరిగింది. చివరి కాన్పు తర్వాత సుమారు ఐదేళ్లకు అది 1.8 రెట్ల దగ్గర శిఖరానికి చేరి, అక్కణ్నుంచి నెమ్మదిగా దిగుతూ, ఇరవై ఏళ్లు దాటాక గానీ రక్షణగా మారలేదు. చివరి కాన్పయిన 34 ఏళ్లకు 0.77 రెట్లకు, అంటే దాదాపు నాలుగో వంతు తక్కువకు వచ్చింది. మొదటి కాన్పు ఆలస్యమైనవాళ్లలో, వంశంలో జబ్బున్నవాళ్లలో ఈ పెరుగుదల ఇంకాస్త ఎక్కువ. పాలిచ్చినందువల్ల దీనిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కారణం మళ్లీ ఆ కణాల కథలోనే ఉంది. గర్భంలో హార్మోన్లు ఒక్కసారిగా ఎగసినప్పుడు, అప్పటికే దారి తప్పిన కణం ఏదైనా ఉంటే దానికీ ఆ పోషణ అందుతుంది. ఇరవై ఏళ్ల మనిషిలో అలాంటి కణం ఉండే అవకాశం తక్కువ, ముప్పై ఆరేళ్ల మనిషిలో ఎక్కువ. పాలు మాన్పించాక ఇంకో ఘట్టం ఉంటుంది. ఆ గుత్తులన్నీ వాడిపోయి, కణాలు రాలిపోయి, రొమ్ము మళ్లీ పూర్వరూపానికి చేరాలి. ఆ కూల్చివేత పుండు మానే తీరులో సాగుతుంది, అంటే వాపు, కొత్త పీచు, అక్కడికి చేరే రక్షక కణాలు. ఆ వాతావరణం దాక్కున్న క్యాన్సర్ కణానికి పాకే దారి ఇస్తుందని జంతువుల మీద ప్రయోగాలు చూపాయి. పాలు మాన్పించిన తర్వాతి ఏళ్లలో బయటపడే క్యాన్సర్లు కాస్త మొండిగా ఉండటానికి ఇదొక కారణం కావొచ్చు.

భయపడే ముందు అసలు అంకె చూడాలి. అమెరికా లెక్కల్లో 30 ఏళ్ల స్త్రీకి రాబోయే పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఇంచుమించు 200 మందిలో ఒకరికి. దాన్ని 1.8తో హెచ్చవేస్తే 110 మందిలో ఒకరు. రెట్లు పెద్దవిగా వినిపిస్తాయి, మనుషులు కొద్దిమందే. పిల్లల్ని కనాలా వద్దా అన్నది ఈ అంకె తేల్చాల్సిన విషయం కాదు. ఇది తేల్చాల్సింది వేరు. పాలిచ్చే తల్లి రొమ్ములో గడ్డ కనిపిస్తే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ 'పాలగడ్డేలే' అని తీసిపారేస్తారు. చాలామటుకు పాలగడ్డే. కానీ రెండు మూడు వారాల్లో కరగని గడ్డకు అల్ట్రాసౌండ్ తీయాల్సిందే, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. వీటికోసం పాలు మాన్పించనక్కర్లేదు.

ఒకే తాళంచెవికి రెండు గదులు

ఇప్పుడు రెండు ఖాతాలనూ పక్కపక్కన పెడదాం. ఈడేరే వయసు, ముట్లుడిగే వయసు 'జీవిత విషయాలు' అన్న గడిలో రాస్తారు. కానీ అవి ఎవరి చేతిలో ఉన్నాయి? ఈడేరే వయసును అటూ ఇటూ జరిపే చోట్లు జన్యువుల్లో వందల కొద్దీ దొరికాయి. ముట్లుడిగే వయసుకి 2021 నాటికి దాదాపు 290 బయటపడ్డాయి. వాటిలో పెద్ద భాగం డీఎన్‌ఏ రిపేరుకు సంబంధించినవే, అంటే క్యాన్సర్ పాఠంలో మనం ఇప్పటిదాకా చదివినవాళ్ల చుట్టాలే.

చెక్2నే తీసుకోండి. అండంలో డీఎన్‌ఏకి దెబ్బ తగిలితే 'ఇది పనికిరాదు, చచ్చిపోనీ' అని తీర్పు చెప్పే జన్యువుల్లో అదొకటి. చెక్2 మందగిస్తే ఆ తీర్పు సడలుతుంది, అండాలు తక్కువగా రాలతాయి, నెలసరి ఎక్కువ ఏళ్లు కొనసాగుతుంది. చెక్2 తీసేసిన ఎలుకల్లో అండాశయాల ఆయుష్షు పెరిగింది. అదే సడలింపు రొమ్ము కణంలో జరిగితే, చావాల్సిన కణం బతికి బట్టకడుతుంది. ఒకే తాళంచెవి రెండు గదులు తెరుస్తోంది. ఒకదాన్ని 'జన్యు కారణం' అనీ రెండోదాన్ని 'ప్రత్యుత్పత్తి కారణం' అనీ పేర్లు పెట్టింది మనమే.

మరి చిన్న చిన్న తేడాలూ కాన్పులూ కలిసినప్పుడు ఏమవుతుంది? ఒక జన్యువుంటే కాన్పు రక్షణ పనిచేయదు, ఇంకొకటుంటే రెట్టింపవుతుంది లాంటి మెలికలు ఉంటాయేమోనని చాలానే వెతికారు. ఒకటి రెండు బలహీనమైన ఆధారాలు తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. రెండూ మామూలుగా ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి, అంతే. 'అంతే' అన్నానే గానీ, హెచ్చవేత చిన్న విషయం కాదు. కాన్పు తర్వాతి ఐదో ఏట వచ్చే పెరుగుదల, జన్యు ముప్పు తక్కువున్న మనిషి దగ్గర లెక్కలోకి రానంత. స్కోరు పైన ఉన్న మనిషి దగ్గర అదే పెరుగుదల పరీక్షలు ముందుగా మొదలుపెట్టడానికి సరిపోయే కారణం.

అరుదైన జన్యువుల దగ్గర మాత్రం మెలికలున్నాయి. బీఆర్‌సీఏ1 లోపమున్నవాళ్లలో మొత్తం ఏడాదికి పైగా పాలిచ్చినవాళ్లకు ముప్పు గణనీయంగా తగ్గినట్టు 2004లో వచ్చిన పరిశోధన చెప్పింది. బీఆర్‌సీఏ2లో ఆ లాభం కనిపించలేదు. కణితుల రకంతో కలిపి చూస్తే ఇది వింత కాదు. బీఆర్‌సీఏ1 కణితులు ఎక్కువగా ట్రిపుల్ నెగెటివ్ రకం, అంటే ఈస్ట్రోజన్ హార్మోనును పట్టుకునే రిసెప్టర్లు లేనివి. ఈ రకం విషయంలో కాన్పుల సంఖ్య కాపాడదు, పాలివ్వడం కాపాడుతుంది. ఆ రిసెప్టర్లున్న ఈస్ట్రోజన్ పాజిటివ్ రకంలో కాన్పులు కాలక్రమేణా కాపాడతాయి. 'రొమ్ము క్యాన్సర్' అని ఒకే పేరు పెట్టుకోవడమే సగం గందరగోళానికి మూలం.

జనం తరచూ అడిగే రెండు సంగతులు చెప్పి ముందుకెళ్తాను. అబార్షన్ వల్ల రొమ్ము క్యాన్సర్ రాదు. 2004లో 53 పరిశోధనల నుంచి 83,000 మంది రోగుల సమాచారం కలిపి చూసి తేల్చిన మాట ఇది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంత కాలం ముప్పు ఐదో వంతు దాకా పెరుగుతుంది, మానేశాక కొన్నేళ్లకు సర్దుకుంటుంది. 2017లో డెన్మార్క్‌లో 18 లక్షల మందిని చూస్తే ఏటా 7,690 మందికి ఒక అదనపు కేసు తేలింది. అండాశయ క్యాన్సర్‌ను అవే మాత్రలు తగ్గిస్తాయి.

చివరగా ఫారాల సంగతి. ముప్పును లెక్కగట్టేందుకు 1989లో వచ్చిన గెయిల్ మోడల్ ఇప్పటికీ వాడకంలో ఉంది. ఈడేరిన వయసు అడుగుతుంది, మొదటి కాన్పు ఎప్పుడని అడుగుతుంది. కుటుంబం దగ్గరికొచ్చేసరికి తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లతో ఆపేస్తుంది. 35 ఏళ్లలోపు వాళ్ల కోసం తయారైనదీ కాదు. కేంబ్రిడ్జ్‌లో తయారైన బొఅడీసియా అనే లెక్క తండ్రి వైపునూ చేర్చుకుంటుంది. అరుదైన జన్యులోపాలు, పాలీజెనిక్ స్కోరు, కాన్పులు, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) కనిపించే రొమ్ము సాంద్రత అన్నీ ఒకే చోట వేసి, ఏ వయసుకి ఎంత ముప్పో విడగొట్టి చూపిస్తుంది.

మనం మొదట చూసిన 34 ఏళ్ల మనిషి వివరాలు, జబ్బు బయటపడడానికి ఏడాది ముందు, గెయిల్ ఫారంలో నింపుదామన్నా వయసే చాలదు. పోనీ అని నింపినా అమ్మకు లేదు, అక్కచెల్లెళ్లు లేరు, ఒక కాన్పు అయింది అన్నంతవరకే అందులో పడుతుంది. కాన్పయి నాలుగేళ్లేనన్నది రాయడానికి అందులో చోటు లేదు. మేనత్తకైతే గడే లేదు.